కాలేయానికి ఫైబ్రోస్కాన్ పరీక్ష: మూడుసార్లు చేయించుకున్న తర్వాత రాస్తున్న సమీక్ష

గడచిన ఏడాది పైచిలుకు కాలంలో ఫైబ్రోస్కాన్ అనే కాలేయ పరీక్షను నేను మూడుసార్లు, రెండు వేర్వేరు కేంద్రాల్లో చేయించుకున్నాను. మొదటిసారి వచ్చిన అంకె మూడు వారాల పాటు మా ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది. రెండోసారి వచ్చిన అంకెను చూశాక, మొదటిదాన్ని అసలు లెక్కలోకి తీసుకోవలసింది కాదని తెలిసింది. రెండుచోట్లా ఉన్నది ఒకే కంపెనీ యంత్రం, పడుకున్నది నేనే, పరీక్షించింది అదే కాలేయాన్ని. తేడా అంతా పరీక్ష జరిగిన తీరులో ఉంది. ఆ తీరు ఎలా ఉండాలో ముందే తెలిసి ఉంటే నాకు కొంత డబ్బు, చాలా మనశ్శాంతి మిగిలేవి. ఈ సమీక్ష పరీక్ష గురించే తప్ప కేంద్రాల గురించి కాదు కాబట్టి వాటి పేర్లు రాయడం లేదు.

నేను గుంటూరులో ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. వయసు 52 ఏళ్ళు, ఆరేళ్ళుగా షుగర్ ఉంది, మద్యం అలవాటు ఎన్నడూ లేదు. ఏటా చేయించుకునే పొట్ట స్కానింగ్ రిపోర్టులో వరుసగా మూడేళ్ళు ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని వచ్చింది. మా వయసువాళ్ళ రిపోర్టుల్లో ఆ మాట కనిపించడం ఎంత మామూలైపోయిందంటే, దాన్ని చదివి పక్కన పెట్టేయడం కూడా అంతే మామూలైపోయింది. నాలుగో ఏడు కొత్తగా చూపించుకున్న వైద్యుడు మాత్రం పక్కన పెట్టలేదు. నా పాత రక్తపరీక్షల కాగితాలు తీసుకుని, వయసును ఎస్‌జీఓటీ అనే కాలేయ ఎంజైము విలువతో గుణించి, ఆ వచ్చినదాన్ని వేలల్లో రాసిన ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ, ఎస్‌జీపీటీ అనే ఇంకో ఎంజైము విలువ వర్గమూలంతోనూ భాగించారు. దీన్ని ‘ఫిబ్-4’ అంటారట. ఎస్‌జీఓటీ 44, ఎస్‌జీపీటీ 61, ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు ఉన్న నాకు అది సుమారు 1.4 వచ్చింది. ఈ విలువ 1.3 కంటే తక్కువ ఉంటే కాలేయంలో ముదిరిన మచ్చ ఉండే అవకాశం బాగా తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. నడుమ ఉన్నవారి సంగతి ఆ లెక్క ఒక్కటే తేల్చలేదు. అలా తేలనివారికి ఇంకో మెట్టు కావాలి, అదే ఫైబ్రోస్కాన్. దాదాపు ఖర్చు లేని లెక్కతో మొదలుపెట్టి, అవసరమైన చోటనే యంత్రం దగ్గరికి పంపే ఆ పద్ధతి నాకు నచ్చింది.

అసలు ఈ పరీక్ష దేన్ని వెతుకుతుందో చెప్పుకోకుండా సమీక్ష రాయడంలో అర్థం లేదు. కాలేయంలో కొవ్వు చేరడం ఒక సంగతి, మచ్చ కట్టడం ఇంకొక సంగతి. కాలేయంలో రక్తం పారే సన్నని నాళాల పక్కనే స్టెల్లేట్ కణాలు అనేవి ఉంటాయి. వీటిని జర్మనీకి చెందిన కుఫ్ఫర్ 1876లోనే గుర్తించాడు. మామూలు రోజుల్లో ఇవి విటమిన్ ‘ఎ’ను దాచుకుని నెమ్మదిగా ఉంటాయి. కొవ్వు వల్ల గాని, మద్యం వల్ల గాని, హెపటైటిస్-బి, సి వైరస్‌ల వల్ల గాని కాలేయ కణాలు ఏళ్ళ తరబడి దెబ్బతింటూ ఉంటే ఈ స్టెల్లేట్ కణాల స్వభావమే మారిపోతుంది. దాచుకున్న విటమిన్‌ను వదిలేసి, కొలాజెన్ పోగులను అల్లడం మొదలుపెడతాయి. గాయం మీద పక్కు కట్టినట్టు లోపల కట్టే ఈ మచ్చనే ఫైబ్రోసిస్ అంటారు. సున్నా నుంచి నాలుగు వరకు దానికి దశలుంటాయి, నాలుగోది సిర్రోసిస్. కాలేయ జబ్బు ఉన్న మనిషికి ముందుముందు ఏమవుతుందన్నది కొవ్వు ఎంత ఉందన్నదాని కంటే మచ్చ ఏ దశలో ఉందన్నదాని మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని పరిశోధనలు పదే పదే చూపించాయి. నా పాత రిపోర్టుల్లోని ‘గ్రేడ్ 2’ కొవ్వు గురించి చెప్పిందే గాని మచ్చ గురించి ఒక్క మాట కూడా చెప్పలేదని నాకు అప్పుడే అర్థమైంది.

మద్యం మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఒక విషయం రాయాలి. నా రిపోర్టు సంగతి తెలియగానే దగ్గరి బంధువు ఒకాయన గొంతు తగ్గించి ‘ఎప్పటినుంచి బావా?’ అని అడిగారు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు, కాలేయం చెడితే తాగుడే కారణమన్నది మన ఊళ్ళలో స్థిరపడిన నమ్మకం. కానీ అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు, మద్యం వల్ల దెబ్బతిన్నట్టే కనిపించే కాలేయాలను మద్యం అలవాటు లేని 20 మందిలో చూసి, ఆ స్థితికి ఒక పేరు పెట్టి ప్రకటించింది 1980లో. ఈ జబ్బు కొందరికి ఎక్కువగా ముదరడానికి పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు తోడ్పడుతుందని 2008లో తెలిసింది. షుగర్, నడుము చుట్టూ కొవ్వు, రక్తపోటు వంటివాటితో దీనికి ఉన్న ముడి ఎంత గట్టిదంటే, 2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు జబ్బు పేరులోంచి ‘మద్యం వల్ల కానిది’ అన్న మాటను తీసేసి ‘జీవక్రియల లోపంతో ముడిపడినది’ అన్న అర్థం వచ్చేలా మార్చాయి. నాలాంటి రోగికి ఆ పేరు మార్పు చిన్న విషయం కాదు.

మచ్చ దశను తెలుసుకోవడానికి దశాబ్దాలుగా ప్రామాణికంగా ఉన్న పద్ధతి బయాప్సీ. పక్కటెముకల నడుమ నుంచి సూది దింపి, కాలేయంలోంచి సన్నని ముక్కను తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. 1958లో మెంఘీని అనే ఇటలీ వైద్యుడు సూది కాలేయంలో ఒక్క సెకను మాత్రమే ఉండే విధానాన్ని వివరించాక అది బాగా వాడుకలోకి వచ్చింది. ఇప్పటికీ కొందరికి అది తప్పదు. అయితే ఆ ముక్క మొత్తం కాలేయంలో సుమారు 50,000వ వంతు మాత్రమే. మచ్చ కాలేయమంతటా ఒకే తీరున ఉండదు కాబట్టి, సూది దిగిన చోటును బట్టి దశ మారిపోయే ప్రమాదం ఉంది. నొప్పి, అరుదుగానైనా రక్తస్రావం ఉంటాయి. ఏడాదికోసారి సూది గుచ్చి చూసుకుందాం అనే మాట ఎవరూ అనలేరు.

ఈ చిక్కును ఫ్రాన్స్‌కు చెందిన ఎకోసెన్స్ అనే కంపెనీ తరంగ శాస్త్రంతో విడదీసింది. పారిస్‌లో పుట్టిన ఈ యంత్రంతో హెపటైటిస్-సి రోగుల మీద చేసిన తొలి పరిశోధన 2003లో అచ్చయింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని 2013లో అనుమతించింది. పనితీరు నా పాఠంలోనిదే కావడం వల్ల నాకు ఇందులో ప్రత్యేకమైన ఆసక్తి కలిగింది. వదులుగా వేలాడే దండెం తాడును ఒక కొసన కొడితే అల నింపాదిగా పాకుతుంది, బిగించి కట్టిన తాడులో చప్పున దూసుకుపోతుంది. మచ్చ కట్టేకొద్దీ కాలేయం గట్టిపడుతుంది కాబట్టి అందులోనూ అంతే. యంత్రానికి తగిలించి చేత్తో పట్టుకునే ప్రోబ్ అనే పరికరం కొస పక్కటెముకల సందులో చర్మం మీద ఒక చిన్న తట్టు తడుతుంది. ఆ కంపన పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. ఆ తట్టు నుంచి పుట్టిన అడ్డుకోత తరంగం (షియర్ వేవ్) కాలేయంలోకి పాకుతుంటే, అదే ప్రోబ్ అల్ట్రాసౌండ్‌తో దాన్ని వెంబడించి వేగాన్ని కొలుస్తుంది. శరీరంలో శబ్దం సెకనుకు దాదాపు 1,540 మీటర్లు పోతుంది గాని, ఈ అల మనిషి నడకంత మెల్లగా సెకనుకు ఒకటి రెండు మీటర్లే కదులుతుంది. కాబట్టే దాన్ని వెంబడించి కొలవడం సాధ్యమవుతోంది. వేగం వర్గాన్ని మూడుతో గుణిస్తే గట్టిదనం కిలోపాస్కళ్ళలో వస్తుంది. సెకనుకు ఒక మీటరైతే 3 కిలోపాస్కళ్ళు, రెండు మీటర్లైతే 12. ఇలా కొలిచే భాగం బయాప్సీ ముక్క కంటే కనీసం వంద రెట్లు పెద్దది. బల్ల మీద పడుకుని లేచేసరికి పది నిమిషాలు, కోత లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు.

ఇంత చక్కని ఊహ మీద కట్టిన పరీక్షను మొదటిచోట ఎలా చేశారో ఇక రాస్తాను. ఉదయం తొమ్మిదింటికి రమ్మన్నారు. ఏమీ తినకుండా రావాలని ఫోనులో గాని, డబ్బు కట్టించుకున్న బల్ల దగ్గర గాని ఎవరూ చెప్పలేదు. షుగర్ మాత్ర వేసుకోవాలి కాబట్టి నేను ఎనిమిదింటికి రెండు పెసరట్లు తిని, టీ తాగి వెళ్ళాను. సాంకేతిక సహాయకుడిగా ఉన్న కుర్రవాడు మర్యాదస్తుడే, కానీ బయట పదిమంది ఎదురుచూస్తున్నారు. అప్పట్లో నా బరువు 84 కిలోలు, పక్కటెముకల మీద కొవ్వు పొర మందంగానే ఉంటుంది. ముందున్న సన్నపాటి రోగికి వాడిన ప్రోబ్‌తోనే నాకూ మొదలుపెట్టాడు. తెర మీద కొలత చెల్లలేదని గుర్తు వచ్చినప్పుడల్లా ప్రోబ్‌ను ఇంకాస్త గట్టిగా అదిమాడు. ఎలాగో పది కొలతలు పూర్తి చేసి, పావుగంటలో కాగితం చేతిలో పెట్టాడు. మధ్యలో పెద్ద అక్షరాల్లో 11.6 కిలోపాస్కళ్ళు అని ఉంది. కింద పట్టికలో ఆ అంకెకు ఎదురుగా ‘ఎఫ్3’ అని గీత గీశారు. అంటే సిర్రోసిస్‌కు ఒక మెట్టు ముందు. వైద్యుడి సంతకం లేదు, వివరించే మనిషి లేడు.

ఆ సాయంత్రం నా భార్య ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివిందో నాకు లెక్క లేదు. మా అమ్మాయి బెంగళూరు నుంచి రోజూ రెండు పూటలా ఫోను చేసేది. మా వైద్యుడు ఊళ్ళో లేని ఆ మూడు వారాలు నేను తరగతిలో పాఠం చెబుతున్నా మనసు ఆ పట్టిక మీదనే ఉండేది. ఆయన రాగానే వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను. పెద్ద అంకె వైపు ఆయన చూడనే లేదు. వేలితో కింది వరసలో చిన్న అక్షరాల్లో ఉన్న ఒక అంకెను చూపించి, ‘మాస్టారూ, ఆ రోజు ఏం తిని వెళ్ళారు?’ అని అడిగారు. పెసరట్లని చెప్పాను. ‘అయితే ఈ కాగితాన్ని పక్కన పెట్టేయండి. పరగడుపున మళ్ళీ చేయిద్దాం’ అన్నారు.

ఆయన చూపించిన అంకె 38 శాతం. ఈ పరీక్షలో పది కొలతలు తీసి, వాటి మధ్యగత విలువను ఫలితంగా ఇస్తారు. ఆ కొలతలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పేది ‘ఐక్యూఆర్’ శాతం. మధ్యలోని సగం కొలతల విస్తృతిని మధ్యగత విలువతో భాగిస్తే అది వస్తుంది. నా మొదటి పరీక్షలో ఆ విస్తృతి 4.4 కిలోపాస్కళ్ళు, అంటే 11.6లో 38 శాతం. ఇది 30 శాతం దాటకూడదన్నది పరీక్షకు మొదటినుంచీ ఉన్న నియమం. ప్రయోగశాలలో మా పిల్లలు లోలకం డోలనకాలాన్ని కొలిచి ఇంత చెల్లాచెదురు విలువలు రాసుకొస్తే మళ్ళీ చేయమని నేనే పంపేస్తాను. నా కాలేయం విషయంలో మాత్రం ఆ గడిని చూడాలని నాకు తట్టలేదు. ఆ కాగితం నా చేతికి ఇచ్చినవారు చూడకపోవడం అంతకంటే పెద్ద లోపం.

తిండి సంగతి కూడా అంతే ముఖ్యం. భోజనం చేశాక పేగుల నుంచి కాలేయానికి వెళ్ళే రక్తప్రవాహం పెరుగుతుంది, దాంతో కాలేయం తాత్కాలికంగా ఉబ్బి గట్టిగా తోస్తుంది. అందుకే కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా ఉండాలి. ఇక ప్రోబ్ విషయం. మామూలు పెద్దవారి ప్రోబ్ చర్మం నుంచి 25 మిల్లీమీటర్ల లోతున మొదలుపెట్టి 65 మిల్లీమీటర్ల దాకా కొలుస్తుంది. చర్మం కింద కొవ్వే 25 మిల్లీమీటర్లు దాటిన మనిషికి అది చాలదు, 35 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా చూసే ‘ఎక్స్ఎల్’ ప్రోబ్ వాడాలి. కాలేయంలో కొవ్వు ఉందని వచ్చేవారిలో లావుగా ఉన్నవారే ఎక్కువ కాబట్టి, ఆ రెండో ప్రోబ్ లేని కేంద్రంలో ఈ పరీక్షకు సగం విలువే ఉంటుందని నా అభిప్రాయం.

రెండో పరీక్ష విజయవాడలో జరిగింది. ముందురోజే ఫోను చేసి, రాత్రి భోజనం తర్వాత ఏమీ తినవద్దని, షుగర్ మాత్రల విషయం వైద్యుణ్ణి అడగమని, పాత రిపోర్టులు తెమ్మని చెప్పారు. పొట్టలో నీరు చేరిందా, పేస్‌మేకర్ ఉందా, ఆడవారైతే గర్భవతా అని అడిగి రాసుకోవడం నేను అక్కడే చూశాను. పొట్టలో నీరు ఉంటే ఆ అల నీటిని దాటి కాలేయంలోకి పోదు, పరీక్ష చేసి ప్రయోజనం లేదు. పరీక్ష చేసినావిడ నలభై ఏళ్ళ మనిషి, తొందర లేకుండా పని చేశారు. వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచేయి తల కిందికి పెట్టించి, కుడి కాలును ఎడమ కాలి మీదుగా వేయించారు. అలా చేస్తే పక్కటెముకల సందులు తెరుచుకుంటాయట. వేలితో సందును వెతికి, చల్లని జెల్ రాసి, ముందు చర్మం నుంచి కాలేయం దాకా దూరం చూసుకుని పెద్ద ప్రోబ్ తగిలించారు. ప్రోబ్‌ను చర్మానికి నిట్టనిలువుగా ఆనించి, ‘అంకుల్, ఊపిరి మామూలుగా తీసుకుని ఒక్క క్షణం ఆపండి’ అన్నారు. చూపుడువేలిని మడిచి బల్ల మీద మెల్లగా కొట్టినట్టు టక్కున ఒక తట్టు. నొప్పి ఏమాత్రం లేదు. తెర మీద ఆ అల ఏటవాలు గీతలా కనిపించింది. గీత ఎంత నిటారుగా ఉంటే కాలేయం అంత గట్టిదని ఆవిడే చూపించారు. దూరానికీ కాలానికీ నేను ముప్పై ఏళ్ళుగా నల్లబల్ల మీద గీస్తున్న వాలు గీత నా కాలేయంలోంచి వచ్చి కనిపించడం మాత్రం నేను మరిచిపోలేను.

ఫలితం 7.2 కిలోపాస్కళ్ళు, ఐక్యూఆర్ 13 శాతం. వేగంలోకి మారిస్తే మొదటిసారి సెకనుకు 1.97 మీటర్లన్నది ఈసారి 1.55 మీటర్లయింది. విలువ 8 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువని వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. మూడు వారాల్లో కాలేయం బాగుపడిపోయిందని ఎవరూ అనుకోకూడదు, మొదటి కొలతే చెల్లనిది. అయితే అదే కాగితంలో ‘క్యాప్’ అనే రెండో అంకె 312 ఉంది. అల్ట్రాసౌండ్ కొవ్వులోంచి పోయేటప్పుడు ఎంత బలహీనపడుతుందో చెప్పే కొలత ఇది. 100 నుంచి 400 వరకు ఉంటుంది, 275 దాటితే కొవ్వు చేరినట్టే భావిస్తారు. అంటే నాకు మచ్చ భయం ప్రస్తుతానికి లేదు గాని, మచ్చను పుట్టించే కారణం మాత్రం నిండుగా ఉంది. ‘సిర్రోసిస్ రాలేదని సంతోషించండి, కొవ్వు సంగతి మాత్రం ఇవాళే మొదలుపెట్టండి’ అన్నారు మా వైద్యుడు.

ఈ పరీక్ష చెప్పలేనివి కూడా ఉన్నాయి, వాటిని దాచి మెచ్చుకోవడం సరికాదు. కాలేయం ఎంత గట్టిగా ఉందో చెబుతుంది గాని, ఎందుకు గట్టిపడిందో చెప్పదు. గుండె సరిగా పనిచేయక రక్తం వెనక్కు నిలిచిపోయినా, పిత్తం దారి మూసుకుపోయినా, అప్పటికప్పుడు వాపు వచ్చినా అంకె పెరుగుతుంది. ముఖ్యంగా కామెర్లు ఉన్నప్పుడు తీసిన కొలతను చూసి మచ్చ దశ నిర్ణయించకూడదు. మనవైపు కామెర్లు అనగానే పసరు మందుకు పరుగెత్తి, అది వికటించాక స్కానుల వెంట పడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ సమయంలో వాళ్ళకు కావలసింది వైద్యుడు, రక్తపరీక్షలు, కారణాన్ని కనిపెట్టడం. అలాగే ఫ్యాటీ లివర్ అని స్కాన్‌లో ఉన్నంత మాత్రాన హెపటైటిస్-బి, సి లేవని కాదు. ఆ రెంటికీ విడిగా రక్తపరీక్ష చేయించాలి. హెపటైటిస్-బికి టీకాను 1997లోనే మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తక్కువ ధరకు తయారు చేసింది. హెపటైటిస్-సిని కొన్ని నెలల మాత్రలతో నయం చేసే సొఫోస్‌బువిర్ అమెరికాలో 2013లో ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లకు మొదలైతే, 2015 నాటికి హైదరాబాదు కంపెనీలు జెనరిక్ మందుగా తెచ్చాయి. కారణం దొరికితే మందు ఉన్న జబ్బును, గట్టిదనం అంకె ఒక్కటే చూసుకుని వదిలేయడం కంటే నష్టం ఇంకేముంటుంది?

పైస్థాయి అంకెల దగ్గర ఈ పరీక్ష బాగా అక్కరకొస్తుంది. కాలేయ నిపుణుల అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం 10కి లోపు విలువ, వేరే లక్షణాలు లేకపోతే, ముదిరిన దీర్ఘకాలిక జబ్బు లేదనడానికి ఆధారం, 15 దాటితే ఉందనడానికి బలమైన సూచన. 20 కంటే తక్కువ ఉండి, ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేలు దాటి ఉన్నవారిలో, అన్నవాహికలో ప్రమాదకరంగా ఉబ్బిన రక్తనాళాల కోసం గొట్టం వేసి చూడటాన్ని వాయిదా వేయవచ్చు. ఒక రోగికి ఎండోస్కోపీ బాధను తప్పించగలగడం మామూలు మేలు కాదు. కానీ 7కీ 12కీ నడుమ ఉండే మధ్యతరగతి అంకెల్లో ఒకటి రెండు కిలోపాస్కళ్ళ తేడాను పట్టుకుని దశ పెరిగిందనీ తగ్గిందనీ చెప్పడం నమ్మదగిన పని కాదు. రిపోర్టు కింద ముద్రించే ఎఫ్0, ఎఫ్1 పట్టికలతో నాకున్న ప్రధానమైన తగువు ఇదే. జబ్బును బట్టి ఆ హద్దులు మారతాయి. హెపటైటిస్-సి వారికి పెట్టిన గీతలు ఫ్యాటీ లివర్ వారికి అలాగే అతకవు. అయినా కొన్ని కేంద్రాలు అందరికీ ఒకే పట్టికను అచ్చువేసి ఇస్తున్నాయి.

చికిత్స సంగతికి వస్తే, ఈ రంగంలో ఇప్పుడు జరుగుతున్నంత కదలిక మునుపు లేదు. కొవ్వు వల్ల కాలేయం వాచి, రెండు మూడు దశల మచ్చ ఉన్నవారి కోసం రెస్‌మెటిరోమ్ అనే మందును అమెరికా 2024 మార్చిలో అనుమతించింది. ఈ జబ్బుకు అక్కడ అనుమతి పొందిన తొలి మందు ఇదే. 966 మందితో చేసిన ప్రయోగంలో మచ్చ కనీసం ఒక దశ తగ్గినవారు మందు వాడినవారిలో 24 నుంచి 26 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 14 శాతం. మరుసటి ఏడాది ఆగస్టులో సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌కూ ఇదే జబ్బుకు అనుమతి వచ్చింది. రెస్‌మెటిరోమ్ మొదలుపెట్టడానికి బయాప్సీ తప్పనిసరి అని ఆ అనుమతి చెప్పకపోవడానికి ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్షలు ఉండటమూ ఒక కారణమని నేను అనుకుంటున్నాను. నా స్థితికి ఆ మందులు అక్కరలేదన్నారు. శరీర బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు, 10 శాతం దాటితే చాలామందిలో మచ్చ కూడా తగ్గుతుందని బరువు తగ్గక ముందూ తర్వాతా తీసిన జత బయాప్సీలతో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. నేను రోజుకు ఆరు పంచదార టీలు మానేశాను, రాత్రి అన్నం సగానికి తగ్గించాను, ఉదయం గంటసేపు నడిచాను. ఏడాదికి 84 కిలోలు 77 అయ్యాయి, అంటే 8 శాతం పైచిలుకు.

అప్పుడు చేయించుకున్నదే మూడో పరీక్ష. అదే కేంద్రం, అదే ప్రోబ్, అలాగే పరగడుపున. 5.9 కిలోపాస్కళ్ళు, ఐక్యూఆర్ 12 శాతం, క్యాప్ 251. కిలోపాస్కళ్ళ తేడా అంతా మచ్చ కరిగిందనడానికి రుజువు కాదని, వాపు తగ్గినా అంకె తగ్గుతుందని వైద్యుడు ముందే చెప్పారు. ఆ జాగ్రత్త మాటను నేను గౌరవిస్తాను. అయినా ఒకే కేంద్రంలో ఒకే పద్ధతిలో తీసిన రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం, నడకకు బద్ధకించిన ప్రతి ఉదయమూ నాకు తోడుగా నిలిచింది.

ధర విషయం కొంచెం చెప్పాలి. మొదటిచోట 2,500 రూపాయలు, రెండోచోట 3,800 రూపాయలు తీసుకున్నారు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పరీక్ష కాబట్టి నా ఆరోగ్య బీమా ఒక్క రూపాయి ఇవ్వలేదు. యంత్రం ఖరీదు ఎక్కువ కావడం వల్ల పెద్ద ఊళ్ళ ఆసుపత్రుల్లోనే ఎక్కువగా దొరుకుతోంది. పల్నాడు నుంచి నాతోపాటు వరసలో కూర్చున్న రైతు ఒకాయన బస్సు ఖర్చు, పరీక్ష ఖర్చు కలిపి లెక్కవేసుకుంటూ కనిపించారు. 2021లో కేంద్ర ప్రభుత్వం షుగర్, రక్తపోటు, క్యాన్సర్, గుండెజబ్బుల నివారణ కార్యక్రమంలో ఫ్యాటీ లివర్‌నూ చేర్చింది. మండల స్థాయిలో ఈ యంత్రాలు పెట్టలేకపోవచ్చు గాని, ఫిబ్-4 లెక్కకు కావలసిన రక్తపరీక్షలు ఏ చిన్న ల్యాబులోనైనా జరుగుతాయి. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించిన పరిశోధనలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉన్నట్టు తేలింది. ఇంతమందిని యంత్రం ముందు పడుకోబెట్టడం ఎవరివల్లా కాదు. ఎవరిని పంపాలో ఆ లెక్కే చెప్పాలి.

కాబట్టి షుగరో, ఊబకాయమో ఉండి, ఫిబ్-4 విలువ 1.3 దాటినవారికి, 65 ఏళ్ళు పైబడితే 2 దాటినవారికి, ఈ పరీక్షను నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ఊరికే తెలుసుకుందామని, హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపి ఇస్తున్నారని చేయించుకోవడాన్ని మాత్రం సిఫారసు చేయను. వెళ్ళేవారు పరీక్షకు ముందే ఎక్స్ఎల్ ప్రోబ్ ఉందా అని అడగాలి. రిపోర్టు తీసుకునేటప్పుడు పది కొలతలు చెల్లాయా, ఐక్యూఆర్ 30 లోపే ఉందా అని అక్కడే నిలబడి చూడాలి. బాగా లేకపోతే మళ్ళీ చేయమని అడగడానికి మొహమాటపడకూడదు. ఆ కాగితాన్ని కాలేయం సంగతి తెలిసిన వైద్యుడు చదివే దాకా దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

నా మొదటి కాగితాన్ని పారేయలేదు. మా కాలేజీలో పనిచేసే ఒకాయనకు వచ్చే సోమవారం ఇదే పరీక్ష ఉంది. మూడు కాగితాలూ ఆయన ముందు పరిచి, 38 అన్న అంకె ఉన్న చోటును పెన్సిలుతో చుట్టి చూపించాను. ఉదయం ఎనిమిదిన్నరకు రమ్మన్నారట, టిఫిన్ తిని వెళ్ళవచ్చా అని అడగడానికి ఆయన అప్పుడే ఆ కేంద్రానికి ఫోను చేశారు.